పది రూపాయల వైద్యం, జకాత్ సొమ్ము

జనగామలో ఒక జుమా నాడు ప్రసంగం, నమాజు ముగించుకొని మేము మస్జిద్ మెట్లు దిగుతుండగా ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన ఆ మస్జిద్ కమిటీ సభ్యులు. చంకలో పాత లెక్కల పుస్తకం ఉంది. "మౌలానా సాబ్! రమజాన్‌లో వసూలైన జకాత్‌లో కొంత సొమ్ము ఇంకా మా దగ్గరే ఉంది. కడపలో ఎవరో డాక్టరమ్మ పది రూపాయలకే వైద్యం చేస్తుందట కదా. మేము కూడా మస్జిద్ పక్క గదిలో ఒక దవాఖానా పెడదామని అనుకుంటున్నాము. గదికి సున్నం, రెండు మంచాలు, ఒక డాక్టరు సాబ్‌కు జీతం. ఈ సొమ్ముతో జాయిజేనా?" అని అడిగారు.

అప్పటికప్పుడు "జాయిజే" అని ఉంటే ఆయన సంతోషంగా వెళ్ళిపోయేవారు. "జాయిజ్ కాదు" అని ఉంటే పుస్తకం మూసి, దవాఖానా మాటే మరచిపోయేవారు. రెండూ పొరపాటే అయ్యేవి. మేము కొంత గడువు అడిగాము. ఆ తరువాత మహబూబాబాద్‌లోనూ, భూపాలపల్లిలోనూ ఇదే ప్రశ్న వేరే మాటలలో మాకు ఎదురైంది. పేదవానికి ఉచితంగా వైద్యం అందించాలన్న తపన మన పట్టణాలలో ఉంది, దానిని ఏ దారిన నడపాలన్న జ్ఞానమే కొరవడింది. కనుక పాఠకుల ముందు ఈ విషయాన్ని కాస్త వివరంగా ఉంచుతున్నాము.

కడప డాక్టరమ్మ

ముందుగా ఆ పెద్దాయన విన్న కబురు నిజమే. డాక్టర్ నూరీ పర్వీన్ విజయవాడ ఆడపడుచు. కడపలోని ఫాతిమా వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదివారు. చదువు ముగిశాక సొంత ఊరికి తిరిగి వెళ్ళకుండా, 2020 సంవత్సరంలో కడపలోనే, పేదలు ఎక్కువగా ఉండే చోట చిన్న క్లినిక్ తెరిచారు. వచ్చి చూపించుకొని వెళ్ళే రోగి దగ్గర పది రూపాయలు, మంచం మీద చేర్చుకుంటే యాభై రూపాయలు. ఇదీ ఆమె పెట్టుకున్న రేటు. తాతగారి జ్ఞాపకంగా నూర్ ఛారిటబుల్ ట్రస్టు కూడా నెలకొల్పారు. క్లినిక్ తెరిచిన కొద్ది వారాలకే దేశమంతా కరోనా లాక్‌డౌన్ వచ్చింది. దేశంలో ఎన్నో క్లినిక్‌లు తలుపులు మూసుకున్న ఆ రోజుల్లోనే ఈమె పేరు పత్రికలకెక్కింది.

ఇలాంటి వారు ఆమె ఒక్కరే కాదు. హైదరాబాదు శివారు బోడుప్పల్‌లో డాక్టర్ విక్టర్ ఇమ్మానుయేల్ అనే వైద్యుడు కూడా 2018 నుండి పేదలకు పది రూపాయల ఫీజుతోనే చికిత్స చేస్తూ పేరు పొందారు. మంచి పని ఎవరు చేసినా మంచి పనే, దానిని చెప్పుకోవటానికి మనకు సంకోచం ఉండకూడదు.

ఇక్కడ ఒక మాట. మన ఇళ్ళలో ఆడపిల్ల డాక్టరు చదువు చదువుతానంటే "అన్నేళ్ళు చదివితే పెళ్ళెప్పుడు?" అని అడిగేవారు ఇంకా ఉన్నారు. ఆ ఇంటి కోడలికి కాన్పు కష్టమైతే మాత్రం "లేడీ డాక్టరు ఎక్కడ?" అని ఊరంతా వెదుకుతారు. ఈ రెండు మాటలు ఒకే నోటి నుండి ఎలా వస్తాయో మాకు అర్థం కాదు.

మళ్ళీ విషయానికి వద్దాం. ఉచితం అనకుండా పది రూపాయలు ఎందుకు తీసుకున్నట్లు? దీనికి మాకు తోచిన జవాబు బఖర సూరాలోనే ఉంది. దానం పుచ్చుకోవలసిన పేదలను గురించి చెబుతూ అల్లాహ్ ఒక ప్రత్యేక వర్గాన్ని ప్రస్తావించాడు. వారు అడగరు, పట్టుకొని వేధించరు. వారి ఆత్మాభిమానాన్ని చూసి తెలియనివాడు వారిని కలిగినవారే అనుకుంటాడు. ముఖ కవళికలను బట్టి మాత్రమే వారిని గుర్తుపట్టగలం. అదే సూరాలో అంతకు కొన్ని ఆయతుల ముందు, ఇచ్చినదాన్ని ఎత్తిపొడిచి, మనసు గాయపరచి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని హెచ్చరిక కూడా ఉంది. పది రూపాయలు చేతిలో పట్టుకొని వరుసలో నిలబడ్డ కూలీ మనిషి తనను తాను బిచ్చగానిగా భావించడు. ఫీజు కట్టిన రోగిగా భావిస్తాడు. "ఈ మందు పడటం లేదు డాక్టరుగారూ" అని నోరు తెరిచి చెప్పగలుగుతాడు. ఉచితంగా తీసుకున్నవాడు ఆ మాట కూడా మింగేస్తాడు.

అలాగని ఫీజు తీసుకునే వైద్యులందరూ తప్పు చేస్తున్నారని ఎవరూ అనుకోరాదు. దైవప్రవక్త (స) తనకు రక్తం తీసే చికిత్స చేసిన అబూ తయ్‌బాకు ఖర్జూరాల రూపంలో కూలి ఇప్పించారు. అంతేకాదు, ఆయన చెల్లించవలసిన రోజువారీ సుంకాన్ని తగ్గించమని యజమానులతో మాట్లాడారు కూడా. ఈ హదీసు బుఖారీలో ఉంది. వైద్యుని శ్రమకు వెల కట్టడం ధర్మసమ్మతం. తన హక్కును తానే వదులుకొని పేదవానికి ఇచ్చేవాడిది ఇహ్సాన్. ఎదుటివాని ఇహ్సాన్‌ను మనం హక్కుగా అడగరాదు. మన ఊళ్ళో ఉన్న ముస్లిం డాక్టరును "నువ్వు ఫ్రీగా చూడవా?" అని నలుగురిలో నిలదీసేవారు ఈ తేడాను గమనించాలి.

మస్జిద్ ఆవరణలో గుడారం

దవాఖానా మస్జిద్ పక్కన పెట్టవచ్చా అన్న సందేహం కొందరికి ఉంది. కందకం యుద్ధంలో, అంటే హిజ్రీ 5వ ఏట, హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. దగ్గరుండి పరామర్శించడానికి వీలుగా దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. గాయపడినవారికి శుశ్రూష చేసే రుఫైదా (రజి) అనే సహాబియా గుడారం అక్కడ ఉండేదని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ నాటి మస్జిద్‌లో రోగి అపరిచితుడు కాదు, అతిథి.

ఈ సున్నత్‌ను మన రాష్ట్రంలోనే కొందరు మళ్ళీ ఆచరణలో పెట్టారు. హైదరాబాదు నవాబ్ సాహెబ్ కుంటలోని మస్జిదె ఇస్హాఖ్‌లో 2018 నవంబరులో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ అనే సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించింది. చుట్టుపక్కల మురికివాడల ప్రజలకు, మతంతో నిమిత్తం లేకుండా, అక్కడ ఉచితంగా వైద్యం అందింది. మస్జిద్ గదులు అయిదు పూటల మధ్య ఖాళీగానే ఉంటాయి కదా!

పెద్ద ఎత్తున జరిగిన సేవకు చరిత్రలో ఉదాహరణలకు కొదవ లేదు. ఒక్కటే చెబుతాము. ఖలావూన్ అనే సైన్యాధికారి సిరియాలో జబ్బుపడ్డాడు. దమాస్కస్‌లో నూరుద్దీన్ జంగీ కట్టించిన ఆస్పత్రి మందులతో కోలుకున్నాడు. తనకు అధికారం దక్కితే ఇలాంటిదే కట్టిస్తానని మొక్కుకున్నాడు. సుల్తాన్ అయ్యాక మాట నిలబెట్టుకొని 1284లో కైరోలో మన్సూరీ ఆస్పత్రి కట్టించాడు. ధనికుడు, పేదవాడు, స్త్రీ, పురుషుడు అన్న భేదం లేకుండా అందరికీ చికిత్స. ఖర్చులన్నీ వఖ్ఫ్ ఆస్తుల ఆదాయం నుండి. ఇందులో మనం పట్టుకోవలసిన మాట ఈ చివరిదే. ఆస్పత్రి గోడలకు, వైద్యుల జీతాలకు ఆనాటివారు వఖ్ఫ్ ఏర్పాటు చేశారు, ఏటేటా పేదవాని చేతికి చేరవలసిన జకాత్‌ను వాటికి తగిలించలేదు.

మన మూడు పట్టణాలలో

ఇప్పుడు అసలు విషయం. మన ఊళ్ళలో పేదవానికి నిజంగా దొరకనిది ఏది?

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకు ముందు ఈ ప్రాంతాలవారికి పెద్ద జబ్బు వస్తే వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రే దిక్కు. తరువాత 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కళాశాలతోపాటు వైద్యులు వస్తారు, పరీక్షలు వస్తాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద ఒక కుటుంబానికి ఏడాదికి అయ్యే చికిత్స పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరు 9న పది లక్షలకు పెంచారు. అదే రోజు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టికెట్టు లేకుండా ప్రయాణం వచ్చింది. టి.బి. మందులు ఉచితం, పైగా రోగి తిండి కోసం నెలనెలా కొంత సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2018లో 500 రూపాయలుగా మొదలైన ఆ సొమ్మును 2024 నవంబరు నుండి వెయ్యి చేశారు.

ఇంత ఉండగా మళ్ళీ మస్జిద్ పక్కన రెండు మంచాలు ఎందుకు అని అడిగితే తప్పా? మేము మొదట అలాగే అనుకున్నాము. మహబూబాబాద్‌లో ఒక ఇంటికి వెళ్ళాక మా ఆలోచన మారింది. అది మా తప్పును మేము ఒప్పుకోవలసిన సందర్భం కూడా కనుక దాచకుండా చెబుతున్నాము.

ఆయన మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీ. చాలాకాలంగా షుగర్ వ్యాధి. కాలి వేలికి పుండు పడిందని తెలిసి, ఇయాదత్‌కని మేము ఇద్దరు ముగ్గురు మిత్రులతో వెళ్ళాము. రోగిని పరామర్శించడానికి వెళ్ళినవాడు తిరిగి వచ్చేదాకా స్వర్గ ఫలాల మధ్య ఉన్నట్లేనన్న శుభవార్త ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఆ పుణ్యం మనసులో పెట్టుకొనే వెళ్ళాము. దుఆ చేశాము. వాళ్ళు ఇచ్చిన చాయ్ తాగాము. "అల్లాహ్ షిఫా ఇస్తాడు" అని చెప్పి వచ్చేశాము. ఇంట్లో షుగర్ గోళీలు అయిపోయి ఎన్ని రోజులయిందో మేము అడగలేదు. డాక్టరు పెద్దాస్పత్రికి వెళ్ళమని రాసిచ్చిన చీటీ అక్కడే కిటికీలో ఉంది. దానిని తీసి చూడలేదు.

నెలన్నర తరువాత తెలిసింది, ఆయన వేలు తీసేశారని. రెండవసారి వెళ్ళినప్పుడు ఆ ఇల్లాలు చెప్పింది: "ఆస్పత్రిలో పైసలు అడగరు మౌలానా సాబ్, ఆ సంగతి మాకూ తెలుసు. కానీ ఆయన పోతే కూలి పోతుంది. నేను పోతే పిల్లలకు అన్నం ఎవరు వండాలి? ఏ గదికి పోవాలో, ఏ లైనులో నిలబడాలో మాకు చదువు రాదాయె. ఒకసారి పోయి పొద్దంతా తిరిగి వచ్చినాము." ఆ మధ్యలో ఇల్లు గడవడానికి వారం వడ్డీకి అప్పు కూడా తెచ్చింది. ఉచిత చికిత్స ఉన్న కాలంలోనే ఒక ముస్లిం కుటుంబం జబ్బు కారణంగా వడ్డీలో పడింది. మేము చాయ్ తాగి వచ్చిన ఇల్లు అది!

ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి నిలదీస్తాడని, నేను జబ్బుపడితే నువ్వు నన్ను చూడటానికి రాలేదేమని అడుగుతాడని ముస్లిం గ్రంథంలోని ఒక ఖుద్సీ హదీసు చెబుతుంది. ప్రభూ, నువ్వు సర్వలోకాలకు ప్రభువువు, నిన్ను చూడటమేమిటని దాసుడు ఆశ్చర్యపోతాడు. ఫలానా దాసుడు జబ్బుపడ్డాడు కదా, అక్కడికి పోయి ఉంటే నన్ను అతని దగ్గరే చూసేవాడివి అన్న జవాబు వస్తుంది. ఈ హదీసును మేము మింబరు మీద ఎన్నిసార్లు వినిపించామో లెక్కలేదు. ఆ ఇంటికి పోవడమైతే పోయాము. చూడవలసినదాన్ని మాత్రం చూడలేదు.

భూపాలపల్లి సంగతి వేరు. బొగ్గు బావులు, చెల్పూరు విద్యుత్ కేంద్రం ఉన్న చోటు కాబట్టి పని కోసం బయటి నుండి వచ్చిన కాంట్రాక్టు కూలీలు, కిరాయి గదుల్లో ఉండేవారు ఎక్కువ. అక్కడికి రైలు లేదు, వరంగల్ పోవాలంటే రోడ్డు మార్గమే. ఎడతెగని దగ్గుతో ఉన్న ఒక యువకుడు కఫం పరీక్షకు పోవడానికి భయపడ్డాడు. టి.బి. అని తేలితే గది ఖాళీ చేయమంటారని అతని భయం. మందు ఉచితమే. కానీ పక్కన నిలబడే మనిషి లేడు.

కనుక మా పరిశీలనలో తేలింది ఇది. ఆస్పత్రికి, రోగి మంచానికి మధ్య ఉన్న దూరంలో పేదవాడు ఆగిపోతున్నాడు. ఆ రోజు కూలి, ఆటో కిరాయి, తోడు మనిషి, చీటీ చదివేవాడు, ఆస్పత్రిలో దొరకక బయట కొనవలసిన మందు, నెలనెలా తెగకుండా వేసుకోవలసిన బీపీ, షుగర్ గోళీలు. నూరీ పర్వీన్ లాంటి వైద్యులు తమ ఫీజు వదులుకోగలరు. ఈ ఖర్చులన్నీ వారి ఒక్కరి నెత్తిన వేయలేము. ఇవి జమాఅత్ భరించవలసినవి.

జకాత్ ఎక్కడ చెల్లుతుంది?

ఇప్పుడు జనగామ పెద్దాయన ప్రశ్న. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయతులో అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. నిరుపేదలు, అగత్యపరులు, రుణగ్రస్తులు మొదలైన ఎనిమిది వర్గాలవి. హనఫీ ధర్మవేత్తల ప్రకారం జకాత్ నెరవేరాలంటే తమ్లీక్ జరగాలి. అంటే అర్హుడైన పేదవాణ్ణి ఆ సొమ్ముకు లేదా ఆ వస్తువుకు యజమానిని చేయాలి. గోడకు వేసిన సున్నానికి పేదవాడు యజమాని కాడు. మంచానికి కాడు. డాక్టరుకు ఇచ్చే జీతం డాక్టరు శ్రమకు బదులు, అది పేదవాని ఆస్తి కాదు. కాబట్టి గది, మంచాలు, జీతం, ఈ మూడింటికీ జకాత్ చెల్లదు. వీటికి నఫిల్ సదఖా, విరాళాలు, వఖ్ఫ్ ఆదాయం వాడుకోవచ్చు. ఇతర మస్లక్‌లలోను, నేటి పండితులలో కొందరిలోను ఇంతకంటే విశాలమైన అభిప్రాయాలు ఉన్నాయి. వాటిని అనుసరించే వారిని మేము తప్పుపట్టము. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలు గనుక ఆ ప్రకారమే చెబుతున్నాము.

మరి జకాత్‌తో వైద్యానికి ఏ సాయమూ చేయలేమా? తప్పకుండా చేయవచ్చు. గోళీల డబ్బా కొని అర్హుడైన రోగి చేతిలో పెడితే అతడు దానికి యజమాని అయ్యాడు, జకాత్ నెరవేరింది. ఆటో కిరాయి, ఆ రోజు కోల్పోయే కూలి నగదుగా చేతికిస్తే నెరవేరింది. ఎక్కడైనా ఆస్పత్రి బిల్లు అప్పుగా పడి ఉంటే, ఆ రోగి అడిగితేనో, అతని అనుమతి తీసుకొనో దానిని నేరుగా కట్టవచ్చు. అనుమతి లేకుండా కడితే మాత్రం అది మేలు అవుతుంది గాని జకాత్ కాదు. ఈ చిన్న తేడాను కమిటీలవారు బాగా గుర్తుంచుకోవాలి. ఫోను చేసి "భాయ్, మీ బాకీ మేము కట్టమంటారా?" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది.

ఇది జకాత్ అని పుచ్చుకునేవానికి చెప్పనవసరం లేదు. ఇచ్చేవాని మనసులో సంకల్పం ఉంటే చాలు. "పిల్లలకు తోఫా" అని చెప్పి ఇచ్చినా నెరవేరుతుంది. కడప డాక్టరమ్మ పది రూపాయల ఫీజుతో రోగి గౌరవాన్ని కాపాడితే, మన ధర్మశాస్త్రం ఈ వెసులుబాటుతో కాపాడింది. ఫోటోలు తీసి పంచిపెట్టే ఈ కాలంలో ఈ మస్అలా చాలామందికి తెలియకపోవడం విచారకరం. మందుల సంచి అందుకుంటున్న ముసలామె ముఖాన్ని సెల్‌ఫోన్లలో ఊరంతటికీ చూపిస్తే, ముఖ కవళికలను బట్టి మనమే గుర్తించాలని ఖుర్ఆన్ చెప్పిన ఆ మర్యాదస్తులు రేపటి నుండి మన గడప తొక్కుతారా?

అర్హత విషయంలో తరచుగా వచ్చే ఒక పొరపాటు. భార్య దగ్గర తులం బంగారం ఉందని జబ్బుతో ఉన్న భర్తకు జకాత్ ఇవ్వడం మానేస్తున్నారు. భార్య ఆస్తి భార్యది, భర్త ఆస్తి భర్తది. 612 గ్రాముల వెండి విలువకు సమానమైన సొమ్ముగాని, అవసరాలకు మించిన సామానుగాని భర్తకు సొంతంగా లేకపోతే, భార్య మెడలో నగ ఉన్నప్పటికీ అతడు అర్హుడే. అయితే సయ్యద్ వంశీయులకు జకాత్ ఇవ్వరాదు, వారి చికిత్సకు గౌరవంగా ఇతర నిధుల నుండి సాయం చేయాలి. తల్లిదండ్రులకు, కన్నబిడ్డలకు, జీవిత భాగస్వామికి మన జకాత్ చెల్లదు. తల్లి మందుల ఖర్చు కొడుకు మీద బాధ్యత, దానిని జకాత్ లెక్కలో రాసుకోవడం కుదరదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఇవ్వవచ్చు, పైగా బంధుత్వాన్ని నిలబెట్టిన పుణ్యం కూడా దక్కుతుంది.

ఇక అన్నిటికంటే భయపెట్టే విషయం. జకాత్ ఇచ్చినవారికి కమిటీ వకీలు మాత్రమే. మన ప్రాంతపు ఉలమాలలో అధికుల అభిప్రాయం ప్రకారం ఆ సొమ్ము పేదవాని చేతికి చేరేదాకా దాత మీది బాధ్యత తీరదు. రమజాన్‌లో వసూలైన సొమ్ము ఇంకా పెట్టెలో ఉందంటే, తమ జకాత్ నెరవేరిందని నిశ్చింతగా నిద్రపోతున్న ఎందరో గృహస్థుల ఫర్జ్ ఆ పెట్టెలో ఇరుక్కుపోయి ఉందన్నమాట. జనగామ పెద్దాయనకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం పాలిపోయింది.

కొన్ని చోట్ల దీనికి హీలా చేస్తారు. ఒక పేద విద్యార్థికి సొమ్ము ఇచ్చి, సాయంత్రానికి అతని చేతే కమిటీకి విరాళంగా ఇప్పిస్తారు. గత్యంతరం లేని చోట ధర్మవేత్తలు కొన్ని షరతులతో దీనికి దారి చూపించారన్నది నిజమే. కానీ ఆ సొమ్మును తన దగ్గరే ఉంచుకునే హక్కు తనకు ఉందని ఆ పిల్లవానికి తెలియనే తెలియనప్పుడు అది తమ్లీక్ ఎలా అవుతుంది? మందులు కొని ఇచ్చే సూటి దారి ఉండగా ఈ వంకర దారి ఎందుకని మా మనవి.

తలుపు ఎవరికి తెరవాలి?

భూపాలపల్లిలో ఒక యువకుడు అడిగాడు: "మా బస్తీలో మా పక్కింటివాళ్ళు ముస్లింలు కారు. వాళ్ళ అవ్వకు మందులు ఇప్పిస్తే పుణ్యం ఉందా?" జకాత్ ముస్లిం పేదలకు పరిమితమని అధిక సంఖ్యాక ధర్మవేత్తల మాట. నఫిల్ సదఖాకు ఆ షరతు లేదు. ముస్లిమేతర బంధువులకు దానం చేయడానికి కొందరు సహాబాలు సందేహించినప్పుడే బఖర సూరాలోని 272వ ఆయతు అవతరించిందని వ్యాఖ్యాతలు రాశారు. ఎవరిని సన్మార్గాన నడపాలన్నది అల్లాహ్ పని, మీరు ఖర్చు చేసినది మీ మేలుకే అన్నది ఆ ఆయతు భావం. హజ్రత్ ఉమర్ (రజి) తన పరిపాలనా కాలంలో బిచ్చమెత్తుకుంటున్న ఒక యూద వృద్ధుణ్ణి చూసి, చేయి పట్టుకొని ఇంటికి తీసుకుపోయి సాయం చేశారు. ఆపైన ప్రభుత్వ ఖజానా నుండి భత్యం ఏర్పాటు చేయించారని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) గ్రంథంలో ఉంది.

కనుక కమిటీ దగ్గర రెండు సంచులు ఉండాలి. ఒకటి జకాత్, రెండవది సదఖా. తలుపు మాత్రం ఒక్కటే. లోపలికి వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి, జబ్బేమిటో అడిగి, ఏ సంచిలో చేయి పెట్టాలన్నది తరువాత మనలో మనం చూసుకోవాలి.

వైద్యుణ్ణి ఎన్నుకోవడంలో కూడా ఇదే ఔదార్యం ఉండాలి. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరికి పంపారు. అతడు ఇస్లాం స్వీకరించాడా లేదా అన్నదానిపై చరిత్రకారులలో భేదాభిప్రాయం ఉంది. వైద్యం తెలిసినవాడన్నది మాత్రం నిర్వివాదం. దీనికి మరో వైపు కూడా ఉంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని అబూ దావూద్‌లో హదీసు ఉంది. ఉచితంగా చేశాను కదా అన్నది సాకు కాదు. జ్వరం అంటే సెలైన్, నడుము నొప్పి అంటే సూది అనే అర్హత లేని మనుషులను తెచ్చి మస్జిద్ గదిలో కూర్చోబెట్టి "ఫ్రీ క్యాంప్" అని బ్యానర్ కట్టడం సేవ కాదు. కమిటీ కూడా ఆ పాపంలో భాగస్వామి అవుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్న వైద్యుడు దొరకకపోతే, దొరికే చోటికి రోగిని తీసుకుపోయే ఏర్పాటు చేసినా చాలు.

మళ్ళీ జనగామ

గడువు ముగిశాక మేము మళ్ళీ జనగామ వెళ్ళాము. పెద్దాయన నమాజు కంటే ముందే వచ్చి వజూఖానా దగ్గర కూర్చుని ఉన్నారు. పైన రాసినదంతా ఆయనకు, మిగతా సభ్యులకు వినిపించాము. మంచాల ఆలోచన ప్రస్తుతానికి విరమించుకున్నారు. జకాత్ సొమ్ము వెంటనే అర్హులకు చేర్చాలని, అందులో నెలనెలా గోళీలు కొనుక్కోలేని రోగులను ముందు చూడాలని తీర్మానించారు. ఇంటర్ చదివిన ఇద్దరు కుర్రవాళ్ళు వారానికి ఒక రోజు ఆస్పత్రి ఓపీ దగ్గర నిలబడి, చదువురాని వారికి చీటీ రాయించి, గది చూపించే పని తీసుకున్నారు. ఆడవారి కోసం ఒక రిటైర్డ్ టీచరమ్మ తాను వస్తానని ఇంటి నుండి కబురు పంపారు. మస్జిద్ గదిని మాత్రం ఊడ్చి ఉంచారు, ఎవరైనా డాక్టరు నెలకు ఒక్క పూట ఇవ్వగలిగితే పనికి వస్తుందని.

పెద్దాయన లెక్కల పుస్తకంలో కొత్త పేజీ తీసి నిలువుగా గీత గీశారు. ఒక పక్క జకాత్, ఇంకొక పక్క సదఖా. మొదటి రోగి ఎవరో ఆయనకు అప్పటికే తెలుసు, మూడు ఇళ్ళ అవతల ఉండే కుట్టుమిషను ఖాలా. బీపీ గోళీలు రోజు విడిచి రోజు వేసుకుంటోంది, నెలకు సరిపోవాలని. పెన్ను పట్టుకొని ఆయన మా వైపు చూశారు.

"పేరు రాయాలా, మౌలానా సాబ్?"

"వద్దు చాచా. చీటీ నంబరు రాయండి."

ఆయన ఒకటి అని వేసి, పక్కన మందు పేరు, వెల రాసుకున్నారు.